తన నడకను తానే దిద్దుకొను యంత్రము

(గ్రంథాలయ రజతోత్సవ సభలో గావించిన ప్రసంగము)



ఇరువదియైదు సంవత్సరములు ఒక పల్లెలో పుస్తకములకు చెదలు పట్టనీయక, పత్రికల బల్లను ఖాళీ పడనీయక నడుపుట సామాన్యమైన పని కాదు. ఉప్పుగాలికి ఇనుప బీరువాయే తుప్పు పట్టు ఊరిది. ఆ శ్రమ మీకు తెలిసినంతగా నాకు తెలియదు కనుక దానిని విస్తరించి చెప్పబోను. సాహిత్యమును గూర్చి మాటలాడువారు ఈ వేదికపై పలువురు కలరు. నన్ను మాత్రము కంప్యూటరు శాస్త్రమునందలి ఒక విషయమును అందరికిని తెలియునట్లు చెప్పుమని కార్యదర్శిగారు కోరిరి. నేనెన్నుకొన్న విషయమిది: పని చేయుచుండగనే, ఒక్క నిమిషమైనను ఆగకుండ, చుట్టునున్న పరిస్థితిని కనిపెట్టి తన నడకను తానే మార్చుకొను సాఫ్ట్‌వేరును ఎట్లు నిర్మింతురు? దానిని మనము ఎంతవరకు నమ్మవచ్చును?

ఇది దూరదేశపు ముచ్చట యని తలంపవలదు. మన మండలమున రొయ్యల చెరువు గట్టు కనబడని దారి యరుదు. ఈ విద్య ఆ గట్లమీదికి వచ్చుచున్నది. కావున చెరువునుండియే ప్రారంభింతును.

మేత ఖర్చు రొయ్యల సాగులో సగమునకు మించునని మీకు వేరుగా చెప్పనక్కరలేదు. 2009లో మన దేశమున వనామీ సాగునకు అనుమతి వచ్చినది మొదలు ఈ లెక్క మరింత బిగిసినది. రైతు ఏమి చేయును? మేత చల్లి, కొంత మేతను చెక్‌ట్రేలో వేసి నీటిలోనికి దింపును. కొంతసేపటికి పైకి లాగి చూచును. మేత మిగిలినచో రొయ్య తినుటలేదని గ్రహించును. ఎందువలన? మబ్బు పట్టినదా, రొయ్య పెంకు విడుచు సమయమా, అడుగున మురుగు పేరుకొన్నదా యని విచారించును. తరువాతి పూట మేత ఎంత తగ్గింపవలెనో నిర్ణయించును, తగ్గించును. అంతటితో ఊరకుండక పుస్తకములో వ్రాసికొనును. వచ్చే పంటలో ఇట్టి మబ్బే పట్టినపుడు ఆ పుస్తకము తీసి చూచును.

ఐ.బి.ఎం. సంస్థవారు 2001లో, కంప్యూటరు వ్యవస్థలు మనుష్యులు సంబాళింపలేనంత జటిలమగుచున్నవనియు, ఇకముందు అవి తమ్ము తామే చూచుకొనవలెననియు ప్రకటించిరి. పరుగెత్తునపుడు గుండె మన యాజ్ఞ కొరకు వేచియుండక తానే వేగము పెంచుకొనును గదా, అట్టి గుణము యంత్రమునకు రావలెనని వారి కోరిక. 2003లో ఆ సంస్థకు చెందిన కెఫార్ట్, చెస్ అను ఇరువురు శాస్త్రజ్ఞులు దానికి ఒక స్వరూపమును గీసి చూపిరి. చూచుట, విచారించుట, నిర్ణయించుట, చేయుట – ఈ నాలుగును ఒక చక్రముగా తిరుగుచుండవలెను. నాలుగింటి నడుమ అనుభవమును దాచియుంచు ఒక జ్ఞాపకశాల ఉండవలెను. నేటికిని ఈ శాస్త్రము చదువు విద్యార్థులకు మొదట నేర్పునది ఈ చక్రమే. చెక్‌ట్రే, దాని ప్రక్కనున్న నోటుపుస్తకము చూచినవారికి ఇందులో క్రొత్త యేమున్నదని తోచినచో తప్పులేదు. క్రొత్తదనమెల్ల, ఆ చక్రమును మనిషి లేకుండ త్రిప్పుటలోనే యున్నది.

అదియును మొదటిసారి కాదు. వెనుక రైసుమిల్లులలో ఆయిలింజనులు నడచిన దినములను ఎరిగినవారు ఇచట ఉండవచ్చును. ఆ ఇంజనులకు గవర్నరు అను భాగముండెడిది. వేగము పెరిగినకొలది దానిలోని ఇనుప గుండ్లు దూరముగా జరిగి ఇంధనమును తగ్గించెడివి. వేగము తగ్గగనే దగ్గరకు వచ్చి ఇంధనమును పెంచెడివి. ఆవిరియంత్రమునకు జేమ్స్ వాట్ దీనిని అమర్చినది 1788లో. 1948లో నార్బర్ట్ వీనర్ అను గణితవేత్త ఈ దిద్దుబాటు శాస్త్రమునకు పేరు పెట్టబోయి, గ్రీకు భాషలో చుక్కాని పట్టువాడను అర్థముగల మాటను గ్రహించెను. మన కాలువ పడవల భాషలో చెప్పవలెనన్న, సరంగు శాస్త్రము.

గవర్నరునకును నేటి సాఫ్ట్‌వేరునకును భేదమెక్కడ? చెరువులోని ప్రాణవాయువునే తీసికొందము. పగలు ఎండలో నీటిలోని పచ్చదనము ప్రాణవాయువును ఇచ్చును. రాత్రి అదియును రొయ్యయు కలిసి దానిని పీల్చుకొనును. తెల్లవారుజామున అది మిక్కిలి తగ్గును. లీటరు నీటికి 4 మిల్లీగ్రాములకు తగ్గరాదని రైతులు జాగ్రత్తపడుదురు. విజయవాడలో 2012లో మొదలైన ఏరువాక అను సంస్థవంటివారు, నీటిలో ఉండి దీనిని కొలిచి ఫోనునకు తెలుపు పరికరములను చేసిరి. అంకె 4కు తగ్గగనే ఏరేటరు తిరుగవలెను, 5 దాటగనే ఆగవలెను అని యంత్రమునకు చెప్పితిమనుకొనుడు. రెండంకెలెందుకు, ఒక్క అంకె చాలదా యని అడుగవచ్చును. ఒక్క 4నే పెట్టినచో, నీరు ఆ గీతకు కొంచెము పైకిని కొంచెము క్రిందికిని ఊగినపుడెల్ల మోటారు ఆగుచు తిరుగుచు ఉండి, తెల్లవారుసరికి చుట్టలు కాలిపోవును. ఆ రెండంకెల నడుమనున్న ఖాళీయే మోటారును కాపాడును. నిర్మాణశాస్త్రమున ఇట్టి చిన్న విషయములకే ప్రాణముండును.

ఇంతవరకు ఇది గవర్నరే. అంకెను మనము పెట్టితిమి, యంత్రము పాటించినది. ఇపుడు రెండవ మెట్టు చూడుడు. గత పది రాత్రుల లెక్కలను యంత్రము తానే పరిశీలించి, ఈ చెరువులో ప్రాణవాయువు వేగముగా పడిపోవుచున్నది, నాలుగు వరకు ఆగిన ఆలస్యమగును, కావున ఐదుకే తిప్పెదను అని అంకెను తానే మార్చినది. ఇది గవర్నరు చేయజాలని పని. మూడవ మెట్టున అంకెనే కాక పద్ధతినే మార్చును. రొయ్య మేతగుళికను కొరుకునపుడు నీటిలో చిటపట శబ్దము పుట్టును. ఆ శబ్దమును నీటిలోని మైకుతో విని, శబ్దమున్నంతసేపు మేత విసరుచు, తగ్గగనే ఆపు యంత్రములను ఆస్ట్రేలియా సంస్థలు మొదలగునవి తయారుచేసినవి. అట్టి యంత్రము గడియారమును చూచి మేత పెట్టుట మాని, ఆకలిని విని పెట్టుచున్నది. ఆజ్ఞను పాటించుట వేరు, ఆజ్ఞను సవరించుట వేరు. నేటి ప్రసంగ విషయము రెండవది.

ఇట్టి సవరణలో మొదటి చిక్కు ఆలస్యము. ఇది మన శివారు రైతులకు తెలిసినంతగా పట్టణమువారికి తెలియదు. విజయవాడ దగ్గర తలుపులెత్తిన నీరు తూర్పు డెల్టా కాలువల చివరనున్న మనకు ఆ గంటలోనే రాదు, దినములు పట్టును. నీరు చాలలేదని నేడు కబురంపి, రేపటికిని రాలేదని మరల కబురంపి, ఎల్లుండి మూడవ కబురంపినచో మూడు కబుర్ల నీరును ఒక్కసారి వచ్చి గట్టు తెంచును. అపుడు ఆపుడని కేకలు. ఆపిన పిమ్మట మరల ఎండు. చేసిన పని ఫలితము కంటబడకముందే దానిని మరల దిద్దబోవు యంత్రమును ఇట్లే ఊగిసలాట పట్టుకొనును. కావున చేయుట ఎట్లో నేర్పినంత శ్రద్ధగా, చేసిన తరువాత ఎంతసేపు ఊరకుండవలెనో యంత్రమునకు నేర్పవలెను.

దీనికి గొప్ప ఉదాహరణ మీ జేబులోని ఫోనులోనే యున్నది. 1986 అక్టోబరులో అమెరికాలో రెండు విద్యాస్థానముల నడుమ కంప్యూటర్ల సంభాషణ కుప్పకూలినది. ఆ రెండింటికిని దూరము నాలుగువందల గజములే. సెకనుకు 32 వేల బిట్లు పోవలసిన తీగపై 40 బిట్లు మాత్రమే పోయెను. కారణము? దారిలో సమాచారపు పొట్లము పోయినపుడు ప్రతి కంప్యూటరును దానిని మరల పంపుచుండెను. ఇరుకు దారిలో బండ్లు నిలిచిపోయినవని మరికొన్ని బండ్లు తోలినట్లు. వాన్ జేకబ్సన్ అను శాస్త్రజ్ఞుడు 1988లో ప్రచురించిన ఉపాయము సరళమైనది. ప్రతి కంప్యూటరును కొద్దిగా పంపుటతో మొదలుపెట్టి, అందినదని జవాబు వచ్చినకొలది పెంచుకొనవలెను; పొట్లము పోయినదన్న దారి ఇరుకైనదని తెలిసి ఒక్కసారిగా వేగము తగ్గించుకొనవలెను. పై అధికారి లేడు, వంతుల పట్టిక లేదు. అయినను నేటికిని ఇంటర్నెట్టు నిలిచియున్నదన్న, ఆ పద్ధతియు దాని సంతతియు కోట్లకొలది యంత్రములలో క్షణక్షణమును పని చేయుటవలననే. ఎదుటివాని నీరు తెగనీయకుండ తన తూమును తానే దించుకొను గుణము మనుష్యులలో ఇంత సులభముగా రాదు; ఈ మాట మన కాలువగట్టున నిలిచి చెప్పుచున్నాను గనుక ఎవరును కోపగింపరని నమ్మెదను.

రెండవ చిక్కు, ఆపకుండ మార్చుట. కాలువకు వేసవిలో కట్టుబడి చేసి పూడిక తీయవచ్చును. టెలిఫోను ఎక్స్‌చేంజిని కట్టుటకు ఏ వేసవియు లేదు. స్వీడను దేశపు ఎరిక్‌సన్ సంస్థలో 1986 ప్రాంతమున జో ఆర్మ్‌స్ట్రాంగ్ ప్రభృతులు ఈ అవసరము కొరకే ఎర్లాంగ్ అను కంప్యూటరు భాషను రూపొందించుట ప్రారంభించిరి. అందలి ఉపాయమును ఇట్లు చెప్పవచ్చును. పాత ప్రోగ్రామును, క్రొత్త ప్రోగ్రామును రెండింటిని కొంతకాలము ప్రక్కప్రక్కనే బ్రతుకనిత్తురు. సగములో నున్న సంభాషణ పాతదానిలోనే కొనసాగును. క్రొత్తగా మొదలగునది క్రొత్తదానిలోనికి పోవును. పాతదానిలో ఎవరును మిగులనపుడు దానిని తొలగింతురు. వాట్సాప్ సంస్థ తన సేవను ఈ భాషతోనే నిర్మించినది. 2025 జనవరి 30న మన రాష్ట్ర ప్రభుత్వము వాట్సాప్‌పై ప్రారంభించిన ‘మన మిత్ర’ ద్వారా ధ్రువపత్రమునకు దరఖాస్తు పెట్టువారు, తమకు తెలియకయే ఆ స్వీడను టెలిఫోను ఇంజనీర్ల ఆలోచనను వాడుకొనుచున్నారు.

మూడవ ప్రశ్న మరింత లోతైనది. దిద్దువాడు ఎక్కడ నుండవలెను? ప్రోగ్రాము లోపలనా, వెలుపలనా? చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టి, 1994లో కంప్యూటరు శాస్త్రపు అత్యున్నతమగు ట్యూరింగ్ బహుమానము నందిన రాజ్ రెడ్డిగారు 1969 నుండి పనిచేసిన కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయముననే, 2004 ప్రాంతమున డేవిడ్ గార్లన్ బృందమువారు రెయిన్‌బో అను వ్యవస్థను ప్రకటించిరి. దిద్దుబాటును పనిచేయు ప్రోగ్రాములోనే కలిపి కుట్టరాదు, దాని నక్షాను చేతబట్టుకొని వెలుపల నిలిచి చూచు వేరొక ప్రోగ్రామునకు అప్పగింపవలెనని వారి మతము. కాలువ తన్ను తాను చూచుకొనదు. గట్టున లస్కరు నిలువవలెను. నాకు ఈ మతమే నచ్చినది. లస్కరు ఏమి చేసెనో అడుగుటకు ఒక చోటు ఉండును గదా.

ఐతే లస్కరు చేతి కొలబద్దయే తప్పైనచో? ఇచటినుండి నేను మెల్లగా చెప్పెదను.

2018 అక్టోబరు 29న ఇండోనేషియాలో ఒక బోయింగ్ విమానము సముద్రములో కూలి 189 మంది మరణించిరి. 2019 మార్చి 10న ఇథియోపియాలో అదే తరగతి విమానము కూలి 157 మంది మరణించిరి. ఆ విమానములలో, ముక్కు మితిమీరి పైకి లేచినదని తోచినచో తానే క్రిందికి వంచు ఒక ప్రోగ్రాము కలదు. విమానమునకు కోణమును కొలుచు పరికరములు రెండున్నను, ఆ ప్రోగ్రాము ఒకసారికి ఒక్కదాని మాటనే వినెడిది. ఆ ఒక్కటి అబద్ధము చెప్పెను. పైలట్లు పైకెత్తిన కొలది ప్రోగ్రాము క్రిందికి వంచుచు వచ్చెను. అట్టి ప్రోగ్రాము ఒకటున్నదని మొదటి ప్రమాదమునకు ముందు పైలట్ల పుస్తకములో వ్రాయనేలేదు. ఆ యంత్రము చెడిపోలేదని గమనింపుడు. చెప్పినట్లే, అలుపులేక, తప్పు పని చేసినది. చెరువులోని కొలతగొట్టమునకు పాచి పట్టి, రెండున్న ప్రాణవాయువును ఆరని చూపినచో ఏరేటర్లు నిశ్చింతగా నిద్రపోవును. తెల్లవారునప్పటికి పంట తేలును. అప్పు మాత్రము మునుగదు.

రెండవ ఉదాహరణము ఇటీవలిది. 2025 అక్టోబరు 20, దీపావళినాడు మన మధ్యాహ్నవేళ, ప్రపంచమున అనేక సేవలు ఒక్కసారిగా నిలిచిపోయినవి. అమెజాన్ సంస్థ వర్జీనియా రాష్ట్రమున నడుపు కంప్యూటరు కేంద్రములలో దోషము పుట్టెను. అచట ఏ పనికి ఏ యంత్రముల చిరునామా ఇవ్వవలెనో చూచుకొను స్వయంచాలక వ్యవస్థ కలదు. అందులో ఒక ప్రోగ్రాము ప్రణాళిక వ్రాయును. దానిని అమలుపరచు గుమాస్తాలవంటివి మరికొన్ని కలవు. ఒకటి ఆగినను పని ఆగకూడదని ఒకటికి మించి పెట్టిరి. ఆనాడు ఒక గుమాస్తా ఏదో జాప్యమువలన వెనుకబడెను. ఈలోగా క్రొత్త ప్రణాళికలు వచ్చినవి. రెండవ గుమాస్తా సరిక్రొత్తదానిని అమలుపరచి, పాత కాగితములను చించివేయుటకు పూనుకొనెను. సరిగా ఆ సమయముననే మొదటి గుమాస్తా తేరుకొని తన చేతిలోని పాత ప్రణాళికను క్రొత్తదానిపై అమలుపరచెను. అంతలో రెండవవాని శుభ్రపరచు పని వచ్చి, ఇది పాతదని దానిని చెరిపివేసెను. ఫలితముగా చిరునామాల పట్టిక ఖాళీ. పైగా, ఆ ఖాళీని దిద్దుకొను శక్తి కూడ వ్యవస్థకు లేకపోయెను. మనుష్యులు చేయి పెట్టి దిద్దవలసివచ్చెను. పట్టిక కుదురుటకు రెండున్నర గంటలు, తక్కిన సేవలన్నియు తేరుకొనుటకు పదునాలుగు గంటలకు పైగా పట్టినవి.

ఇద్దరు గుమాస్తాలలో ఎవడును సోమరి కాడు, ద్రోహి కాడు. ఎవని పని వాడు నియమము తప్పక చేసెను. నిన్నటి ఉత్తరువు పట్టుకొన్న లస్కరొకడు, నేటి ఉత్తరువు పట్టుకొన్న లస్కరొకడు ఒకే తూము దగ్గర ఒకరినొకరు చూడక పనిచేసినట్లయినది. తన్ను తాను దిద్దుకొను వ్యవస్థలలో భయపడవలసినది ఇట్టి సందునుగూర్చియే కాని, యంత్రము మనపై తిరుగబడునను సినిమా కథనుగూర్చి కాదు.

ఇక మన ఊరికి వత్తము. ఈ పరికరములను అమ్మవచ్చువారు, రాత్రులు గట్టుమీద కాపలా అక్కరలేదు, హాయిగా నిద్రింపుడని చెప్పుదురు. నేను పరికరములు వలదనువాడను కాను. రాత్రియంతయు టార్చిలైటుతో తిరుగువాని కష్టము తగ్గినచో సంతోషింపని వాడెవ్వడు? ఐనను కొనుటకు ముందు ఆ వచ్చినవారిని గట్టుమీదనే నిలువబెట్టి అడుగవలసినవి కొన్ని కలవు. ఈ యంత్రము తానుగా మార్చుకొనగల అంకెకు హద్దు ఎవరు పెట్టిరి? ఆ హద్దును కూడ అది మార్చుకొనగలదా? మార్చగలిగినచో దానిని తీసికొని వెళ్లుమనుడు. మార్చినప్పుడు, ఫలానా గంటకు ఫలానా కారణమున మార్చితినని ఎక్కడ వ్రాయును, ఆ వ్రాత తెలుగులో మనకు కనబడునా? కొలతగొట్టము ఒక్కటేనా, రెండా. రెండును రెండు మాటలు చెప్పినచో అది ఏమి చేయును? సిగ్నలు పోయినచో, కరెంటు పోయినచో, చేతితో తిప్పు స్విచ్చి ఎక్కడ?

చివరి ప్రశ్న మనకు వేరువారికన్న ముఖ్యము. 1977 నవంబరు 19 నాటి ఉప్పెన దివిసీమను ఏమి చేసినదో చెప్పుటకు ఈ సభలో నాకన్న పెద్దలున్నారు. 2025 అక్టోబరు 28 రాత్రి మొంథా తుపాను నర్సాపురము సమీపముననే తీరము దాటినది. అనుభవమునుండి నేర్చుకొను యంత్రము నేర్చుకొనునది సాధారణపు రాత్రులనుండియే. తుపాను రాత్రి దాని పుస్తకములో లేదు. అట్టి రాత్రి అది తెలివికి పోరాదు. ఇది నేనెరుగని స్థితియని గ్రహించి, నేర్చినదానిని ప్రక్కన బెట్టి, మొట్టమొదట మనిషి పెట్టిన అంకెలకే తిరిగి వచ్చి, ఆ సంగతిని మనిషికి చెప్పవలెను. ఈ శాస్త్రములో నా దృష్టికి అన్నిటికన్న గౌరవింపదగిన నిర్మాణము ఇదియే. నేర్చుకొను యంత్రమును చేయువారు చాలమంది కలరు. నేర్పు తెలియని చోట తగ్గు యంత్రమును చేయువారు తక్కువ.

మరియొక సంగతి. యంత్రమే మేత పెట్టినకొలది చెక్‌ట్రే తీయు చేతులు ఇంట మిగులవు. పదేండ్లకు, ట్రేలోని మిగులు చూచి చెరువు జబ్బు పసికట్టువాడు ఊరిలో ఉండడు. యంత్రము నేర్చుకొన్నదంతయు ఎక్కడో దూరమున ఒక కంపెనీ కంప్యూటరులో నిలువయుండును. చందా కట్టుట మానిననాడు ఆ తలుపు మూతపడును. మన నీటిని గూర్చిన తెలివి మన ఊరిలో ఒక ప్రతియైనను ఉండవలదా?

అందుచేత కార్యవర్గమువారితో ఒక సూచన చేసితిని, వారంగీకరించిరి. ఈ గ్రంథాలయమున పత్రికల బల్లపై ఒక నోటుపుస్తకము ఉంచబడును. పరికరములున్న రైతులు తేదీ వేసి, యంత్రము చూపిన ప్రాణవాయువు ఎంత, అదే వేళ చేతికిట్టుతో పరీక్షించిన ఎంత, యంత్రము తానుగా ఏమి మార్చినది, చెక్‌ట్రేలో మేత ఎంత మిగిలినది – ఇంతమాత్రము వ్రాయవలెను. పేరు వ్రాయనక్కరలేదు, చెరువు ఏ కాలువ ప్రక్కనున్నదో వ్రాసిన చాలును. పరికరములు లేనివారు కూడ తమ ట్రే లెక్క వ్రాయవచ్చును. వారి లెక్క లేనిదే మొదటివారి లెక్కను పోల్చి చూచుటకు వీలులేదు. పుస్తకమునకు గళ్లు నేనే గీసి తెచ్చితిని. కార్యదర్శిగారి దగ్గర నున్నది. రేపు ఉదయము ట్రే ముందుగా తీసినవారు మొదటి వరుస వ్రాయవచ్చును.